పీసీబీ లేఅవుట్ బయట చేయించుకునేవారికి హెచ్చరిక: గ్రౌండ్ కాపర్ ‘శుభ్రం చేశాం’ అంటే గెర్బర్ చూడకుండా డబ్బు కట్టకండి

సొంత సర్క్యూట్ బోర్డులు (పీసీబీలు) చేయించుకునే చిన్న తయారీదారులకూ, ప్రాజెక్టులు చేసే విద్యార్థులకూ నాకు జరిగినట్లు జరగకూడదని ఇది రాస్తున్నాను. ట్యాంకులో నీటి మట్టాన్ని చూసి మోటారును ఆపే కంట్రోలర్ కోసం, వైఫై ఉన్న ఈఎస్పీ32 చిప్ మాడ్యూలూ, మోటారును ఆన్-ఆఫ్ చేసే ఒక రిలే ఉన్న రెండు పొరల బోర్డును నేనే గీసి, తుది మెరుగులకు ఆన్‌లైన్‌లో దొరికిన ఒక డిజైన్ సేవకు అప్పగించాను. నా గ్రౌండ్ ఫిల్ (ట్రాకులు, అంటే రాగి గీతల మధ్య ఖాళీని నింపే, గ్రౌండ్‌కు కలిపిన రాగి) చిందరవందరగా ఉందనీ, సన్నని పేలికలనూ విడి ముక్కలనూ తీసేసి తీర్చిదిద్దుతామనీ చెప్పి, అందుకు విడిగా రుసుము తీసుకున్నారు. వారు పంపిన త్రీడీ చిత్రం కంటికి ఇంపుగా ఉండటంతో గెర్బర్ ఫైళ్లు (ఒక్కో పొర గీత ఎలా ఉండాలో ఫ్యాక్టరీకి చెప్పే ఫైళ్లు) తెరవకుండానే 50 బోర్డులకు ఆర్డర్ పెట్టాను. నా పొరపాటు అదే.

బోర్డులు వచ్చాక రిలే ఆఫ్ అయినప్పుడల్లా మాడ్యూల్ రీసెట్ అవుతోంది, వైఫై పక్క గదికి కూడా సరిగా అందడం లేదు. భాగాలు అతికించని బోర్డు ఒకటి తీసి టేబుల్ లైటుకు ఎదురుగా పట్టుకుంటే, పై పొరలో ఫిల్ లేని చోట, కింది పొరలోని సందు వెలుగుతున్న ఆకుపచ్చ గీతలా కనిపించింది. రిలే ట్రాక్‌ను వంపులు లేకుండా తిన్నగా కనిపించేలా దాదాపు ఈ అంచు నుంచి ఆ అంచు దాకా లాగి, గ్రౌండ్‌ను ఇంచుమించు రెండుగా చీల్చేశారు. ఆ రెండు భాగాలను పై పొర మీదుగా కలపడానికి నేను వేసిన వయాలను (పొరలను కలిపే, రాగి పూసిన రంధ్రాలను) కూడా అందానికి అడ్డమని తొలగించారు. వేగంగా మారే సిగ్నల్ తాలూకు తిరుగు కరెంటు సరిగ్గా ఆ ట్రాక్ కిందున్న గ్రౌండ్‌లోనే ప్రవహించాలని చూస్తుంది. దారిలో చీలిక ఎదురైతే చుట్టు తిరిగి రావలసి వస్తుంది, ఆ చుట్టు ఎంత పెద్దదైతే నాయిస్ అంత ఎక్కువగా వెలువడుతుంది, అంత ఎక్కువగా లోపలికీ చేరుతుంది.

విడి ముక్కలను తొలగించడం తప్పు కాదు, వయాతో గ్రౌండ్‌కు కలపడమూ తప్పు కాదు. కానీ వీరు వయాలు తీసేసి ముక్కలను మాత్రం అలాగే వదిలేశారు. బోర్డులు గీసే సాఫ్ట్‌వేర్ కైకాడ్ మామూలుగా అలాంటి ముక్కలను తనంతట తానే తీసేస్తుంది. ఆ సెట్టింగును మార్చితే తప్ప అవి మిగలవు. దేనికీ అంటని రాగి ముక్క పక్క ట్రాకుల నాయిస్‌ను ఇటు నుంచి అటు చేరవేస్తుంది. మాడ్యూల్ యాంటెన్నా చుట్టూ కనీసం 15 మిల్లీమీటర్లు ఖాళీ ఉంచమని తయారీ సంస్థ తన మార్గదర్శకాల్లోనే చెబుతుండగా, ఖాళీ బాగాలేదని కాబోలు, దాని కింద కూడా ఫిల్ పరిచారు. గ్రౌండ్ పిన్నుల థర్మల్ రిలీఫ్‌ను (ప్యాడ్‌ను చుట్టూ ఉన్న రాగికి సన్నని కాళ్లతో మాత్రమే కలిపే ఏర్పాటును) తీసేసి ప్యాడ్లను నేరుగా రాగిలో కలిపేయడంతో, కనెక్టర్ అతికించేటప్పుడు వేడంతా ఫిల్‌లోకి పోయి, సోల్డర్ రంధ్రంలోకి దిగకుండా పైనే ముత్యంలా నిలిచిపోయింది.

అడిగితే వచ్చిన సమాధానం ఒక్కటే: “డీఆర్సీలో ఒక్క తప్పు కూడా లేదు.” అది నిజమే. డీఆర్సీ (సాఫ్ట్‌వేర్ చేసే డిజైన్ నియమాల తనిఖీ) మనం పెట్టిన దూరాలనూ కనెక్షన్లనూ చూస్తుంది గానీ, తిరుగు కరెంటుకు దారి ఉందో లేదో చూడదు.

కాబట్టి చివరి వాయిదా చెల్లించే ముందు గెర్బర్ వ్యూయర్‌లో ఒక్కో రాగి పొరనూ విడిగా తెరిచి, ముఖ్యమైన ప్రతి ట్రాక్ కింద గ్రౌండ్ తెగకుండా ఉందో లేదో వేలితో వెంబడించి చూడండి. అసలు ప్రాజెక్టు ఫైళ్లు కూడా ఇవ్వాలని ముందే రాయించుకోండి. నాకు గెర్బర్‌లు మాత్రమే ఇచ్చారు. రెండు బోర్డుల మీద చీలికకు ఇరువైపులా రాగి మీది రక్షణ పూతను (మాస్క్) గీకి, నాలుగు చోట్ల పొట్టి తీగలు అతికించాను. వాటిలో రీసెట్‌లు ఆగిపోయాయి. మిగిలిన 48 పక్కన పెట్టి, నా పాత ఫైలు నుంచి లేఅవుట్‌ను మళ్లీ గీస్తున్నాను.