మెస్, కర్రీ పాయింట్, సొంత పొయ్యి: మూడేళ్లు మూడూ వాడి చూశాక

ఉద్యోగం మీద విజయనగరం వచ్చి మూడేళ్లు దాటింది. ఇల్లు నౌపడా దగ్గర. శనివారం సాయంత్రం పలాస ప్యాసింజర్ ఎక్కేస్తాను కాబట్టి ఇక్కడ నా తిండి నెలకు 25 రోజులు అనుకోండి.

మొదటి ఏడాది మెస్. భోజనం 90, పొద్దున టిఫిన్ 40, రెండు పూటలా కలిపి రోజుకు 220, నెలకు 5,500. రుచికి వంక పెట్టను. కానీ అన్నం అడిగినంత పెడుతున్నారు కదా, ఇచ్చిన డబ్బుకు గిట్టుబాటు చేసుకుందామని తిని తిని ఆరు కిలోలు పెరిగాను.

రెండో ఏడాది అన్నం గదిలోనే కుక్కర్లో పెట్టుకుని కర్రీ పాయింట్ పట్టాను. కూర 30, పప్పో సాంబారో పెరుగో కలిపి పూటకు 50. బియ్యం, టిఫిన్ వేసుకున్నా నెలకు నాలుగు వేల లోపే. బాధేంటంటే మరిగే సాంబారుని పల్చటి కవర్లో పోసి రబ్బరు బ్యాండు వేసి ఇచ్చేస్తారు. ఓసారి బండి హ్యాండిల్‌కి తగిలించుకొస్తుంటే గంటస్తంభం దగ్గర గతుకులో కవరు పగిలి ప్యాంటంతా సాంబారే, కాలు బొబ్బలెక్కింది. మర్నాటి నుంచి స్టీలు క్యారేజీ పట్టుకెళ్లాను. దాంతో తెలిసిన సంగతి, కవరుకైతే రెండు గరిటెలు కొలిచి పోసే మనిషి గిన్నె కనపడితే మొహమాటానికైనా ఇంకో అర గరిటె పోస్తాడు. ఎండాకాలంలో మాత్రం మధ్యాహ్నం కూర రాత్రికి ఉంచకండి, పులిసిపోతుంది.

మూడో ఏడాది పూర్తిగా సొంత వంట. బియ్యం 420, కందిపప్పు 140, నూనె 225, తోడుకి పాలు 450, రైతు బజార్లో కూరగాయలు 800, రవ్వ, గుడ్లు, పోపు సామాను 500. సిలిండర్ నాకు నాలుగు నెలలు వస్తుంది, నెలకు 220 పడుతుంది. మొత్తం 2,755. భలే ఉంది కదా, అయితే ఇది కాగితం మీద లెక్క. నాలుగు కట్టల తోటకూర చవగ్గా వస్తోందని తెచ్చి రెండు కట్టలు పారేయడం, ఆఫీసులో ఆలస్యమై ఓపిక లేక నెలకు నాలుగైదు పూటలు మళ్లీ అదే మెస్‌కి వెళ్లడం, ఇవి కలిపితే నా పుస్తకంలో నిజంగా తేలింది 3,200. పైగా రోజూ గంటన్నర పని, అంట్లు తోమడం వేరే.

ఇప్పుడు ఎనిమిది నెలలుగా చేస్తున్నది ఇది: అన్నం, పప్పు లేదా టమాటా చారు ఇంట్లో, పెరుగు తోడుపెట్టింది, కర్రీ పాయింట్‌లో రోజుకు ఒకే ఒక్క కూర. పప్పు కుక్కర్లో పెట్టి స్నానం చేసొస్తే అయిపోతుంది. బయట టిఫిన్‌తో సహా ఇదీ 3,200 దగ్గరే తేలుతోంది, కానీ పొయ్యి దగ్గర నిలబడేది అరగంటే. ఒక్క మనిషికి ఇంతకంటే వంట పెంచుకోవడం దండగ. ఇంట్లో నలుగురుంటే మాత్రం కర్రీ పాయింట్ మాటే ఎత్తకండి, ఎనిమిది ప్యాకెట్ల డబ్బుతో రెండు మూడు రోజుల కూరగాయలు వస్తాయి.

అన్నట్టు, ఆదివారం తిరిగొచ్చేటప్పుడు అమ్మ కట్టిచ్చే ఆవపెట్టిన పనసపొట్టు కూర సోమవారం దాకా వస్తుంది. అది ఈ లెక్కలో వేయలేదు.