ఎన్-లిస్ట్, డెల్‌నెట్: కళాశాల గ్రంథాలయంలో ఏళ్ల తరబడి వాడాక

డిగ్రీ కళాశాల గ్రంథాలయం ఒంటరిగా ఎంత కొనగలదు? మా బడ్జెట్‌లో కొన్ని అచ్చు పత్రికలకు చందా కట్టేసరికే డబ్బు అయిపోయేది. ఈ-పత్రికలు, ఈ-పుస్తకాలు అందించే ఎన్-లిస్ట్, గ్రంథాలయాల మధ్య పుస్తకాలు అరువిప్పించే డెల్‌నెట్ సభ్యత్వాలు వచ్చాక ఆ పరిస్థితి మారింది. రెండూ తీసుకోదగ్గవే. అయితే చందా కట్టి చేతులు దులుపుకుంటే మాత్రం రెండూ దండగే.

ముందు ఎన్-లిస్ట్ సంగతి. విశ్వవిద్యాలయ గ్రంథాలయాలను అనుసంధానించే యూజీసీ కేంద్రం, గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్, కళాశాలలకు ఈ-పత్రికలు, ఈ-పుస్తకాలు అందించడానికి 2010లో దీన్ని ప్రారంభించింది. 2015లో ఇలాంటివే అయిన యూజీసీ-ఇన్ఫోనెట్, ఇండెస్ట్‌లతో పాటు దీన్నీ కలిపి ఈ-శోధ్‌సింధు అనే ఉమ్మడి చందా ఏర్పాటు చేశారు. వేల కళాశాలల తరఫున ఒకరే బేరమాడితే ప్రచురణకర్త ధర తగ్గించక తప్పదు. ఆ ధరలో మా ఒక్క కళాశాలకు ఏ ప్రచురణకర్తా ఇవ్వడు. 2025 నుంచి ‘ఒకే దేశం, ఒకే చందా’ పథకం ఇదే సూత్రాన్ని ఇంకా పెద్ద ఎత్తున అమలు చేస్తోంది: 30 ప్రచురణ సంస్థలు, దాదాపు 13,000 పత్రికలు, మూడేళ్లకు 6,000 కోట్ల రూపాయలు. ప్రస్తుతానికి అది ప్రభుత్వ సంస్థలకే కాబట్టి మాలాంటి ప్రైవేటు కళాశాలలకు ఎన్-లిస్టే దిక్కు.

ఇక్కడ అసలు శ్రమ ఖాతాల దగ్గర ఉంటుంది. ఏటా ప్రవేశాలు ముగియగానే విద్యార్థుల పేర్లు, ఈమెయిళ్ల జాబితా తయారుచేసి ఎక్కించాలి. పల్లె నుంచి వచ్చిన పిల్లలు చాలామంది దరఖాస్తులో ఇంటర్నెట్ సెంటరు వాళ్ల ఈమెయిలో, అన్నయ్యదో రాస్తారు. పాస్‌వర్డ్ ఆ చిరునామాకు వెళ్లిపోతుంది, విద్యార్థికి చేరదు. అందుకే తరగతికి ఒక రోజు కేటాయించి, ఒక్కొక్కరినీ కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి, మొదటి వ్యాసం వాళ్ల చేతే దించుకునేలా చేస్తున్నాం. వాడకం పెరిగింది ఆ తర్వాతే.

ఒక లోపం మాత్రం ఇలాంటి చందాలన్నింటికీ ఉంది. పాత సంచికలపై శాశ్వత హక్కు ఒప్పందంలో లేకపోతే, చందా ఆగిన రోజున అలమరలో ఒక్క కాగితమూ మిగలదు.

డెల్‌నెట్ తీరు వేరు. 1988లో ఢిల్లీ గ్రంథాలయాల మధ్య సహకారంగా మొదలై దేశమంతటికీ విస్తరించింది. సభ్య గ్రంథాలయాల పుస్తకాల ఉమ్మడి కేటలాగ్‌లో పుస్తకం ఎక్కడుందో చూసి ఇంటర్ లైబ్రరీ లోన్ (గ్రంథాలయాల మధ్య అరువు) కింద తెప్పించుకోవచ్చు. ఎం.ఏ. తెలుగు విద్యార్థిని ఒకామెకు అచ్చులో లేని విమర్శ గ్రంథం కావలసి వచ్చింది. పేరు కొడితే దొరకలేదు. ఉమ్మడి కేటలాగ్‌లలో చాలా తెలుగు పుస్తకాలను రోమన్ లిపిలో ఎక్కించారు. దీర్ఘానికి ఒకరు రెండక్షరాలు వేస్తే మరొకరు ఒక్కటే వేస్తారు, రచయిత ఇంటిపేరు ఒకచోట ముందు, మరోచోట వెనక ఉంటుంది. నాలుగైదు రకాలుగా వెతికాక దొరికింది. పార్సిల్ విప్పి పుస్తకం చేతికిచ్చినప్పుడు ఆమె ముందు విషయసూచిక తెరిచి, అక్కడే నిలబడి చదవడం మొదలుపెట్టింది. ఈ సభ్యత్వం విలువ ఏమిటని అడిగేవారికి నేను చెప్పేది ఈ సంగతే.

ఈ రోమన్ లిపి చిక్కు తీర్చే సాధనం మన దగ్గరే ఉంది. గ్రంథాలయ సాఫ్ట్‌వేర్‌లైన సోల్, కోహా రెండూ తెలుగు లిపి ఎక్కించడానికి వీలిచ్చే యూనికోడ్‌ను అనుమతిస్తాయి. ఇప్పుడు మేం ప్రతి తెలుగు పుస్తకాన్నీ తెలుగు లిపిలోనే ఎక్కిస్తున్నాం. వేటపాలెంలోని పాత గ్రంథాలయం సారస్వత నికేతనం వంటి చోట్ల ఉన్న పాత పత్రికల వివరాలన్నీ ఇలా ఒకే కేటలాగ్‌లో కనిపిస్తే పరిశోధకులకు ఎంత ప్రయాణం తప్పుతుందో!

అన్నిటికన్నా నన్ను బాధపెట్టేది, అరువు అడిగేవారే తప్ప ఇచ్చేవారు తక్కువ కావడం. పుస్తకం పోతే ఆడిట్‌లో జీతం నుంచి కోస్తారేమోనన్న భయంతో చాలామంది గ్రంథపాలకులు ‘అందుబాటులో లేదు’ అని జవాబిస్తారు. ఆ భయం ఉత్తిది కాదు. కాబట్టి సభ్యత్వానికి దరఖాస్తు పెట్టే ముందే, పుస్తకాలు బయటి గ్రంథాలయాలకు పంపవచ్చనీ, దారిలో పోతే బాధ్యత కళాశాలదేననీ ప్రిన్సిపాల్ గారి చేత రాతపూర్వకంగా ఉత్తర్వు ఇప్పించుకోండి. మేం అలా చేశాకే ధైర్యంగా పంపగలుగుతున్నాం.