మిన్నెసోటా చలిలో మా గరాజ్: ఇన్సులేషన్ సరే, ప్లాస్టిక్ షీట్ వేయాలా వద్దా?

మాది మిన్నియాపాలిస్ శివారు. ఇంటికి ఆనుకుని రెండు కార్ల గరాజ్. ఇక్కడి చాలా తెలుగు ఇళ్లలాగే మాకూ అది సగం వంటిల్లు. చేపల పులుసు, పండగ గారెలు, నలుగురొస్తే బిర్యానీ, అన్నీ మూలనున్న ఇండక్షన్ స్టవ్ మీదే. నవంబర్ దాటితే అక్కడ నిలబడి గరిటె తిప్పడం నరకం. అందుకే గోడలకి, పైకప్పుకి, తలుపుకి ఇన్సులేషన్ పెట్టించాం. మైనస్ 20 ఫారన్‌హీట్ రాత్రులు కూడా దాటి వచ్చింది కాబట్టి, ఇప్పుడు నమ్మకంగా రాస్తున్నాను.

2బై4 చెక్క నిలువులతో (స్టడ్లు) కట్టిన గోడల్లోకి రాక్‌వూల్ ఆర్-15 వాడాం, అంటే రాతి నారతో చేసిన ఇన్సులేషన్ పలకలు. ఆర్ అంకె ఎంత పెద్దదైతే వేడిని అంత బాగా ఆపుతుంది. ఇది నాకు చాలా నచ్చింది. రంపపు పళ్లున్న బ్రెడ్ కత్తితో శుభ్రంగా తెగుతుంది, స్టడ్ల మధ్య బిగుతుగా కూర్చుంటుంది, ఇన్నేళ్లయినా కిందికి జారలేదు. చేతులు దురద పెడతాయి. గ్లోవ్స్, మాస్క్, పొడుగు చేతుల చొక్కా తప్పనిసరి.

అసలు టెన్షన్ వేపర్ బారియర్ దగ్గర, అంటే గది తేమ గోడలోకి పోకుండా లోపలి వైపు వేసే షీట్ దగ్గర వచ్చింది. కాంట్రాక్టర్ చూడగానే "అన్ని గోడలకీ 6 మిల్ పాలీ కొట్టేద్దాం" అన్నాడు. అంటే మందపాటి పాలిథీన్ ప్లాస్టిక్ షీట్. ఆయన మాటలో న్యాయం లేకపోలేదు. చలికాలంలో లోపలి వెచ్చని గాలిలోని తేమ గోడలోకి చేరి, బయటి వైపున్న చల్లటి చెక్క మీద మంచుగా పేరుకుంటుంది. మార్చిలో అదే కరిగి చెక్కని నానబెడుతుంది. మాలాంటి చలి ప్రాంతంలో (బిల్డింగ్ కోడ్ లెక్కలో జోన్ 6) ఇళ్ల గోడలకి లోపలి వైపు క్లాస్ 1 గానీ క్లాస్ 2 గానీ వేపర్ రిటార్డర్, అంటే ఆవిరిని బాగా అడ్డుకునే పొర, ఉండాలని కోడ్ సాధారణంగా అడుగుతుంది కూడా.

కానీ గరాజ్ పరిస్థితి వేరు. కారు మీద పేరుకున్న మంచు కరిగి నేలంతా నీళ్లు, దానికి తోడు బిర్యానీ ఆవిరి. హీటర్ కొన్ని రోజులు ఉంటుంది, కొన్ని రోజులు ఉండదు. ఇలాంటి చోట గోడలోకి తేమ ఎంతో కొంత చేరుతుంది, చేరిన తేమ ఆరే దారి కూడా ఉండాలి. పాలీ 0.1 పర్మ్‌కి (ఆవిరి ఎంత దాటుతుందో చెప్పే కొలత) మించి ఆవిరిని దాటనివ్వదు, అంటే లోపలి వైపుకి ఆరడం దాదాపు ఉండదు. అందుకని సర్టెన్‌టీడ్ వాళ్ల మెంబ్రేన్ అనే నైలాన్ షీట్ వేయించాం. పొడిగా ఉన్నప్పుడు ఇది 1 పర్మ్ దగ్గర ఉంటుంది, తేమ పెరిగితే 10 పర్మ్‌లు దాటి తెరుచుకుంటుంది. పాలీ కంటే ఖరీదు ఎక్కువ, పల్చన కాబట్టి స్టేపుల్ దగ్గర లాగితే చిరుగుతుంది. అయినా మళ్లీ చేయిస్తే ఇదే వేయిస్తాను. బడ్జెట్ తక్కువైతే క్రాఫ్ట్ పేపర్ అంటించిన ఫైబర్‌గ్లాస్ కూడా మంచిదే, కానీ ఆ పేపర్‌కి నిప్పు అంటుకుంటుంది. పైన డ్రైవాల్ (జిప్సం బోర్డు) వేయకుండా బయటికి కనబడేలా ఒక్క రోజు కూడా వదలొద్దు.

ఇంటికీ గరాజ్‌కీ మధ్య గోడ సంగతి చాలామంది పట్టించుకోరు. మా ఇంట్లో ఆ గోడకి ఇంటి వైపు డ్రైవాల్ వెనక పాలీ ముందే ఉంది. గరాజ్ వైపు ఇంకోటి కొడితే మధ్యలో చిక్కిన తేమ ఎటూ పోలేదు. ఆ గోడని ముట్టుకోనివ్వలేదు. దాని మీది డ్రైవాల్ నిప్పు నుంచి కాపాడేది కూడా, దాన్ని పీకకూడదు.

షీట్ కంటే ముందు చేయాల్సింది కంతలు మూయడం. గోడ లోపలికి తేమని మోసుకెళ్లేది ఎక్కువగా సందుల్లోంచి దూరే గాలే. కింద చెక్క కాంక్రీట్‌ని తాకేచోట కాక్ (సందులు మూసే పేస్ట్) పట్టించాం, ప్లగ్ బాక్సుల చుట్టూ ఫోమ్ కొట్టించాం. మొన్న మార్చిలో ఉత్తరం గోడకి ప్లగ్ పాయింట్ మార్చాల్సి వచ్చి డ్రైవాల్ చదరంగా కోశాం. రాక్‌వూల్ బయటికి లాగి టార్చ్ వేసి చూశాను. బయటి వైపున్న చెక్క షీట్ (ఓఎస్‌బీ) మరకల్లేకుండా, పొడిగా ఉంది. లోపలికి పొడుచుకొచ్చిన మేకు మొన మీద తుప్పు చుక్క కూడా లేదు. ఆ రోజు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

పొగ గొట్టం లేని ప్రొపేన్ హీటర్ మాత్రం పెట్టకండి. 1 కిలో ప్రొపేన్ కాలితే దాదాపు 1.6 కిలోల నీరు ఆవిరిగా గదిలోకే వస్తుంది, కార్బన్ మోనాక్సైడ్ భయం సరేసరి. మాది ఎలక్ట్రిక్ హీటర్. వంట చేస్తున్నంతసేపూ ఎగ్జాస్ట్ ఫ్యాన్ తిరగాల్సిందే.

నచ్చనిది తలుపుకి అంటించే ఫోమ్ కిట్. రెండో చలికాలానికే టేపు ఊడింది. పైగా తలుపు బరువెక్కి స్ప్రింగ్ సరిచేయించాల్సి వచ్చింది. ఆ స్ప్రింగ్ ప్రాణాంతకం, మెకానిక్‌నే పిలవండి. కొత్త తలుపు ఎలాగూ కొనే ఉద్దేశం ఉంటే లోపల పాలీయురేథేన్ నింపినదే కొనుక్కోండి.

హ్యూస్టన్‌లో ఉన్న మా తమ్ముడు ఇదంతా విని "అన్నయ్యా, నేనూ లోపల షీట్ కొట్టించనా?" అని అడిగాడు. వద్దురా అన్నాను. అక్కడ ఉక్క బయట, ఏసీ లోపల. తేమ బయటి నుంచి లోపలికి వస్తుంది, చల్లటి ప్లాస్టిక్ వెనకే నీరై కూర్చుంటుంది. వాడికి పేపర్ లేని ఇన్సులేషన్, డ్రైవాల్, మామూలు లేటెక్స్ పెయింట్ చాలు. ఇక మిన్నెసోటాలోనే ఉన్నా గరాజ్‌ని అసలు వేడి చేయని వాళ్లకి లోపలా బయటా దాదాపు ఒకటే చలి. వాళ్లు ఈ షీట్ మీద పెట్టే డబ్బు తలుపు కింది రబ్బరు మీద పెట్టుకోవచ్చు.