ఓర్సే మ్యూజియం వార్షిక కార్డు: ఎనిమిదేళ్ళ గురువారాల తర్వాత

ఉద్యోగరీత్యా పారిస్‌కు వచ్చిన మొదటి వేసవిలో, ఒక పర్యాటక సంస్థ వారి బృందంతో కలిసి ఓర్సే మ్యూజియాన్ని గంటంబావులో చూశాను. ప్రసిద్ధమైన బొమ్మ ఎదుట రెండు నిమిషాలు నిలబెట్టి, ఫొటో తీసుకోనిచ్చి, తర్వాతి గదికి తీసుకుపోయారు. ఆ రాత్రి ఇంటికి చేరి ఫోనులోని ఫొటోలు చూసుకుంటే ఫ్రెంచి చిత్రకారులిద్దరిలో ఏది మానే వేసిందో, ఏది మోనే వేసిందో చెప్పలేకపోయాను. హైదరాబాదులో ఉన్నప్పటి నుంచి ఫ్రెంచి భాష మీద ఇష్టంతో చదువుకున్న నాకు అది చాలా బాధ కలిగించింది. మరుసటి నెలలోనే ‘కార్త్ బ్లాంష్’ అనే వార్షిక కార్డు తీసుకున్నాను. ఏటా పునరుద్ధరించుకుంటూ ఎనిమిదేళ్ళుగా వాడుతున్నాను. 2020, 2021లలో ఫ్రాన్సులో మ్యూజియాలన్నీ మూతబడిన నెలలను మినహాయిస్తే, నెలకు రెండు గురువారాలైనా అక్కడ గడిపాను.

ఈ కార్డు ఉంటే ఎన్నిసార్లయినా లోపలికి వెళ్ళవచ్చు. సెన్ నది అవతలి ఒడ్డున, తోటలో ఉన్న ఓరాంజరీ మ్యూజియానికీ ఇదే చెల్లుతుంది. మోనే వేసిన తామరకొలను చిత్రాలున్న రెండు అండాకారపు గదులు అక్కడివే. అయితే కార్డు వల్ల కలిగిన అసలు ప్రయోజనం డబ్బు కలిసిరావడం కాదు. టికెట్టు కొన్నవాడికి అన్నీ చూసి తీరాలన్న ఆత్రం ఉంటుంది. కార్డు ఉన్నవాడు ఒక్క బొమ్మ ముందు అరగంట కూర్చుని ఇంటికి వెళ్ళిపోగలడు. సోమవారం సెలవు. మిగతా రోజుల్లో సాయంత్రం 6 గంటలకు మూసేస్తారు. గురువారం మాత్రం రాత్రి 9.45 దాకా తెరిచి ఉంటుంది. పర్యాటకులు భోజనాలకు బయలుదేరే ఏడున్నర తర్వాత గదులు ఖాళీ అవుతాయి. నా ఎనిమిదేళ్ళూ ఎక్కువగా ఆ రెండు గంటల్లోనే గడిచాయి.

భవనం గురించి కొంత చెప్పాలి. 1900 నాటి ప్రపంచ ప్రదర్శన కోసం విక్టర్ లాలూ నిర్మించిన రైల్వే స్టేషన్ ఇది. రైళ్ళు పొడవు పెరిగి ప్లాట్‌ఫారాలు చాలకపోవడంతో 1939 నాటికి దూరప్రాంతపు రైళ్ళు ఆగిపోయాయి. ఒక దశలో కూల్చివేతకు కూడా సిద్ధపడిన ఈ కట్టడం, చివరికి 1986 డిసెంబరులో మ్యూజియంగా తెరుచుకుంది. ఇప్పటికీ అడుగున ఆర్‌ఈఆర్ సి అనే శివారు రైలు నడుస్తూనే ఉంది. నేను దిగేది అక్కడే. మోనే 1877లో వేసిన సెన్‌లజార్ స్టేషను పొగను, మరొక స్టేషను కప్పు కింద నిలబడి చూడటం నాకు ఇప్పటికీ కొత్తగానే ఉంటుంది.

అందరూ ముందుగా ఐదో అంతస్తుకు, క్షణక్షణం మారే వెలుగును పట్టుకోవాలని చూసిన ఇంప్రెషనిస్టు చిత్రకారుల దగ్గరికి వెళతారు. నేను కింది అంతస్తులో మియే అనే చిత్రకారుడి బొమ్మల దగ్గర మొదలుపెడతాను. 1857లో ఆయన ప్రదర్శించిన ‘లే గ్లానూజ్’ అనే చిత్రం పేరును నిఘంటువులో వెతికినప్పుడు ఇంగ్లీషు అర్థం దొరికింది గాని, అది నాకు ఏమీ అందివ్వలేదు. బొమ్మ ముందు నిలబడిన తర్వాతే తెలిసింది, వాళ్ళు పరిగె ఏరుకుంటున్నారని. కోతలయ్యాక మడిలో రాలిన కంకులను ఏరుకునే ఆడవాళ్ళను మా ఊళ్ళో చిన్నప్పుడు చూశాను. వంగిన ముగ్గురిలో ఎడమవైపు నీలం తలగుడ్డ కట్టుకున్న ఆవిడ ఏరిన కంకులను ఒక చేత్తో వీపు వెనక పట్టుకుని, రెండో చేయి నేలకు చాస్తుంది. కంకులు వేసుకోవడానికి నడుముకున్న గుడ్డను ఒడిలా పైకి కట్టుకున్నారు. దూరంగా కుప్పలు, బండి, గుర్రం మీద అజమాయిషీ చేసే మనిషి. పంటంతా అటువైపు, పరిగె ఇటువైపు. నాకు ఫ్రెంచి సంస్కృతి పరాయిది కాకుండా పోయింది ఆ సాయంత్రమే.

ఐదో అంతస్తులో నేను ఎక్కువసార్లు చూసింది కాయబోత్ వేసిన ‘లే రాబోతర్ ద పార్కే’, అంటే చెక్కనేలను గీకి నునుపు చేసే పనివాళ్ళ చిత్రం. చొక్కాలు లేని ముగ్గురు మోకాళ్ళ మీద కూర్చుని గీస్తుంటే, వెనక బాల్కనీ తలుపులోంచి వచ్చే వెలుగు వాళ్ళ భుజాల మీదా నేల మీదా పడుతుంది. గీకిన పలకలు వెలిసిపోయి ఉంటాయి, గీకనివి పాత వార్నిషుతో నల్లగా మెరుస్తాయి. చుట్టలు చుట్టుకున్న చెక్కపొట్టు అంతటా రాలి ఉంటుంది. కుడివైపు ఒక వైన్ సీసా, గ్లాసు. వడ్రంగుల పక్కన కూర్చుని చిత్రిక పట్టడం చూసినవాళ్ళకు ఆ పొట్టు వాసన కూడా తెలుస్తుంది. 1875లో సలోన్ అనే అధికారిక చిత్రప్రదర్శన న్యాయనిర్ణేతలు దీన్ని తిరస్కరించారు. మరుసటి ఏడాది ఆయన దీన్ని ఇంప్రెషనిస్టుల ప్రదర్శనలో పెట్టాడు.

భాష నేర్చుకునేవారికి నాదొక సూచన: బొమ్మ పక్కనుండే చీటీలో చివరి పంక్తిని తప్పకుండా చదవండి. ‘దోఁ’ అని ఉంటే కానుక, ‘లెగ్’ అని ఉంటే వీలునామా ద్వారా వచ్చినది. ముందు చెప్పిన మోనే సెన్‌లజార్ చిత్రం పక్కనా, రెన్వార్ వేసిన ప్రసిద్ధమైన నాట్యశాల చిత్రం పక్కనా కాయబోత్ పేరే కనిపిస్తుంది. సంపన్నుడైన కాయబోత్ తన మిత్రుల చిత్రాలను ఎవరూ కొనని రోజుల్లో కొని, 1894లో చనిపోతూ ప్రభుత్వానికి రాసిచ్చాడు. ప్రభుత్వం అన్నీ తీసుకోలేదు. దాదాపు నలభై మాత్రమే స్వీకరించింది. పనివాళ్ళ చిత్రాన్ని మాత్రం ఆయన వారసులు, వీలునామా అమలు చేసిన రెన్వార్ ద్వారా అందజేశారు. మూడేళ్ళపాటు ఆ చీటీలను పట్టించుకోకుండా ఎంత పోగొట్టుకున్నానో తర్వాత అర్థమైంది.

మానే వేసిన, ఆస్పరాగస్ అనే కూర కాడ ఒకే ఒక్కటి ఉన్న చిత్రం జానెడంతే ఉంటుంది. 1880లో షార్ల్ ఎఫ్రుసి అనే సంపన్నుడు కట్ట ఆస్పరాగస్ చిత్రానికి 800 ఫ్రాంకులు మాట్లాడుకుని 1000 పంపితే, మానే ఈ చిన్న బొమ్మ వేసి, మీ కట్టలో ఒకటి తగ్గిందని రాసి పంపాడు. పాలరాతి బల్ల అంచు మీద ఆ కాడ, కింద లేత ఊదా నీడ. బల్ల చారలూ కాడ రంగూ దాదాపు ఒకటే. వేలెడు వెడల్పు కుంచెతో పది నిమిషాల్లో వేసినట్టుంటుంది. నేను చూసిన వాటిలో ఇంత హాయిగా గీసిన బొమ్మ మరొకటి లేదు.

ఇక్కడ చదువుకోవడానికి వచ్చే తెలుగు విద్యార్థులు ఒక విషయం గమనించాలి. దీర్ఘకాల వీసాతో ఐరోపా సమాఖ్యలో నివసిస్తూ 26 ఏళ్ళు నిండనివారికి ఇటువంటి జాతీయ మ్యూజియాల్లో శాశ్వత సేకరణలకు ప్రవేశం ఉచితం. వారికి కార్డు అవసరమే లేదు. రెండు మూడు రోజులకే పారిస్ వచ్చేవారికీ కార్డు దండగ. గురువారం సాయంత్రం టికెట్టు తీసుకుని నాలుగు బొమ్మలతో సరిపెట్టుకోవడం మేలు. నెలలో మొదటి ఆదివారం ఉచిత ప్రవేశం ఉంది గాని, ఆ రోజు జనం మధ్య నిలబడి చూడటం కష్టం. ఏడాదిపాటు ఈ ఊళ్ళో ఉండి, ఫ్రెంచి చిత్రకళను నిదానంగా తెలుసుకోవాలనుకునేవారు మాత్రం సందేహించకుండా ఈ కార్డు తీసుకోవచ్చు.

నా కార్డు గడువు వచ్చే నెలతో ముగుస్తుంది. కూర్బే అనే చిత్రకారుడు వేసిన, ఆరున్నర మీటర్ల వెడల్పున్న అంత్యక్రియల చిత్రంలో నలభై మందికి పైగా ఊరిజనం ఉన్నారు. వాళ్ళ ముఖాలను ఎడమవైపు నుంచి ఒక్కొక్కటిగా చూసుకుంటూ వస్తున్నాను. ఇంకా సమాధి గుంట దాకా రాలేదు.