36 శాతమా, వందలో ఒకరా: ఏ లెక్క మేలు?

కొలెస్ట్రాల్ మందు లిపిటార్ ప్రకటనల్లో ఒకప్పుడు పెద్ద అక్షరాల్లో ఉండేది: గుండెపోటు ముప్పు 36 శాతం తగ్గుతుంది. దానికి వివరణగా చిన్న అక్షరాల్లో ఇంకో లెక్క: ప్లాసిబో, అంటే మందు లేని ఉత్తి మాత్ర వేసుకున్నవాళ్లలో 3 శాతం మందికి గుండెపోటు వస్తే, లిపిటార్ వాడినవాళ్లలో 2 శాతం మందికి వచ్చింది.

రెండూ ఒకే పరీక్షలో తేలినవే, రెండూ నిజమే. కానీ 36 అనగానే మందు వాడినవాళ్లలో మూడోవంతు మంది గండం గట్టెక్కారనిపిస్తుంది. జరిగింది వేరు. బీపీతో పాటు ఇతర ముప్పులూ ఉన్న వందమంది సుమారు మూడేళ్లు మాత్ర వేసుకుంటే, వాళ్లలో ఒక్కరికి గుండెపోటు తప్పింది. 3 నుంచి 2కి అంటే 33 శాతమే కదా అంటారేమో. పరీక్షలో వచ్చిన అంకె 1.9, ప్రకటనలో దాన్ని 2 చేశారు.

వాడాలా వద్దా అని తేల్చుకోవడానికి నా ఓటు వందలో లెక్కకే. మందు వాడనివాళ్ల శాతానికీ వాడినవాళ్ల శాతానికీ మధ్య ఉన్న తేడాతో 100ని భాగించండి. తేడా 1 అయితే, ఒకరికి మేలు జరగాలంటే 100 మంది వాడాలి. తేడా 5 అయితే 20 మంది చాలు. ఖర్చునూ దుష్ప్రభావాలనూ తూచాల్సింది ఈ సంఖ్యతోనే.

అలాగని 36 శాతాన్ని కొట్టిపారేయలేం. వందలో 20 మందికి గుండెపోటు వచ్చే అవకాశం ఉన్నచోట అదే 36 శాతం తగ్గితే సుమారు ఏడుగురు బయటపడతారు. కాబట్టి ఈ లెక్క చూసి ఎవరూ సొంతంగా మందు మానేయొద్దు. 'నా ముప్పు వందకి ఎంత? వాడితే ఎంతకు దిగుతుంది?' అని డాక్టర్ని అడగండి.

మరో మెలిక ఉంది. కొన్నిసార్లు మేలును 36 శాతం లాంటి పెద్ద అంకెతో చూపి, కీడును మాత్రం 'వందలో ఒకరికి' అని రాస్తారు. అప్పుడు రెంటినీ ఒకే కొలతలోకి మార్చుకోకుండా పోల్చకూడదు.

'ఇంతమంది నిపుణుల సిఫార్సు' అనే శాతాలు వీటన్నిటికంటే బలహీనం. 80 శాతానికి పైగా దంతవైద్యులు తమ పేస్టునే సిఫార్సు చేస్తారన్న కోల్గేట్ ప్రకటనను 2007లో బ్రిటన్ ప్రకటనల నియంత్రణ సంస్థ తప్పుదోవ పట్టించేదిగా తేల్చింది. ఆ సర్వేలో ఒక్కో డాక్టరు ఎన్ని బ్రాండ్లయినా చెప్పొచ్చు. పోటీ బ్రాండు ఒకదానికీ దాదాపు అన్నే సిఫార్సులు వచ్చాయి. ప్రశ్న ఎలా అడిగారో చెప్పని ఇలాంటి అంకెను చూసి ఎక్కువ డబ్బు పెట్టొద్దు.