హాట్ టబ్ బరువు మూతకు బదులు ఏది వాడొచ్చు: అనంతపురం చలికాలాల్లో వాడి చూసిన మాట

అనంతపురం చుట్టుపక్కల తోట ఇళ్లలోనూ మిద్దెల మీదా హాట్ టబ్ (వేడి నీళ్లలో కూర్చునే తొట్టి) పెట్టించుకున్నవాళ్ల దగ్గర రెండు మూడు చలికాలాలు గడిచేసరికి వినిపించే ఫిర్యాదు ఒకటే: మూత లేవడం లేదు. కొత్తలో ఒక్కరే మడిచి పక్కకు తోసేవాళ్లు, తర్వాత ఇద్దరు పట్టినా నడుం పట్టేస్తుంది. అలాంటి మూత తీసేసి రకరకాలవి వాడి చూశాక తేలింది ఇది: మన చలికి నీటి మీద తేలే, పాలిథిన్ నురుగుతో చేసిన 20 మి.మీ. ఎక్స్‌ఎల్‌పీఈ షీటు, దాని పైన లారీ పట్ట. ఈ రెండూ చాలు. ఇక్కడ చెప్పే లెక్కలన్నీ బయటి అంచు 2.2 మీటర్లు, నీటి మట్టం దగ్గర 2 మీటర్లు ఉండే చతురస్రపు టబ్‌వి. అందులో సుమారు 1,200 లీటర్లు పడతాయి.

ముందు ఆ పాత మూత ఎందుకు బరువెక్కుతుందో చూద్దాం. లోపల ఉండేది థర్మాకోల్ దిమ్మ. వాన నీరు జారడానికి మధ్యలో 4 అంగుళాలు, అంచుల్లో 3 అంగుళాల మందం ఉంటుంది. దాని చుట్టూ పల్చటి పాలిథిన్ తొడుగు, ఆపైన రెగ్జిన్. అడుగున ఎప్పుడూ 39 డిగ్రీల ఆవిరి, అందులో క్లోరిన్. పాలిథిన్ అతుకు దగ్గర సన్నటి చిరుగు పడితే చాలు, ఆవిరి లోపలికి పోయి, చల్లటి పైభాగం తగిలి నీరవుతుంది. మళ్లీ బయటికి రాదు. ఈ సైజు మూతలో దిమ్మ 0.43 ఘనపు మీటర్లు. అందులో పదో వంతు నీరు పట్టినా 43 కిలోలు. కొత్తలో 25 కిలోలున్నది 70కి దగ్గరవుతుంది. మే నెల ఎండలో ఆరబెడితే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. ఆరేది రెగ్జినే, దిమ్మ కాదు. పైగా ఆ ఎండకు రెగ్జిన్ బీటలిస్తుంది.

ఇంత మందం ఎవరికోసం? మంచు పేరుకునే చోట్లకు, రాత్రి మైనస్ 20కి పడిపోయే ఊళ్లకు. మనకు డిసెంబరు, జనవరి తెల్లవారుజామున మామూలుగా 16, 17 డిగ్రీలు ఉంటుంది. నీటికీ గాలికీ తేడా 22 డిగ్రీలే. 12 గంటల రాత్రికి, తడి పట్టని మందపాటి మూతలోంచి పోయే వేడి అర యూనిట్. 20 మి.మీ. షీటులోంచి పోయేది 1.6 యూనిట్లు. ఈ 1,200 లీటర్లు ఒక డిగ్రీ వేడెక్కాలంటే 1.4 యూనిట్లు కావాలి. అంటే తెల్లారేసరికి రెండింటికీ ఒక డిగ్రీ తేడా కూడా ఉండదు. అసలు వేడిని మింగేది ఆవిరి. ఒక లీటరు నీరు ఆవిరైతే 0.67 యూనిట్ వేడి పోయినట్టే. మూత లేని టబ్‌లో మట్టం ఒక్క సెంటీమీటరు తగ్గిందంటే 40 లీటర్లు, దాదాపు 27 యూనిట్లు. కాబట్టి చూడాల్సింది మందం కాదు, సందు. 5 అంగుళాల మూత అంటగట్టాలని చూసే అమ్మకందారు ఈ సంగతి చెప్పడు.

మొదట అందరూ కొనేది బుడగల షీటు, 400 మైక్రాన్లది. చవక, తేలిక, ఆవిరిని బాగానే ఆపుతుంది. బుడగలు కిందికి ఉండేలా పరవాలి. కత్తిరించే ముందు ఒక రోజు నీటి మీద అలాగే వదిలేస్తే మడతలు పోయి అసలు కొలత తెలుస్తుంది. చెడేది ఎండ వల్ల. తీసి చుట్టి గట్టు మీద పెడితే చుట్టలో వేడి పెరిగి బుడగలు పగులుతాయి. ఆ తర్వాత అంచు పెళుసెక్కి, పొలుసులు రాలి ఫిల్టర్‌లో చేరతాయి. ఒక్క చలికాలానికైతే పర్వాలేదు, అంతకు మించి ఆశ పెట్టుకోవద్దు.

ఎక్స్‌ఎల్‌పీఈ షీటు రేకుల షెడ్ల కింద వేడి తగలకుండా వేసేదే. ఇన్సులేషన్ సామాను అమ్మేచోట ఒకవైపు వెండి రేకు అతికించి దొరుకుతుంది. దీని నురుగులోని గాలి గదులు మూసుకుని ఉంటాయి కాబట్టి నీరు పీల్చదు. 4 చదరపు మీటర్లకు రెండున్నర కిలోలే. కొలత టబ్ అంచు దగ్గర కాదు, నీటి మట్టం దగ్గర తీయాలి. మూలలు గుండ్రంగా ఉంటాయి కాబట్టి పాత సిమెంటు సంచులు విప్పి, కలిపి కుట్టి నమూనా చేసుకోండి. షీటును రెండు ముక్కలుగా కోయాలి. పొడవాటి బ్లేడున్న కట్టర్‌తో రెండు మూడు గీతల్లో కోయండి. హాక్సా బ్లేడు పెడితే నలుసులు రాలి వారమంతా జల్లెడ పట్టుకోవాలి. టబ్ గోడకు అంచు ఆనేలా ఉండాలి, బిగుతైతే మధ్యలో ఉబ్బుతుంది.

వెండి రేకు పైకే ఉండాలి. క్లోరిన్ నీళ్లు తగిలితే రేకు నల్లబడి రాలిపోతుంది. రెండు ముక్కల్ని రబ్బరు గమ్‌తో అతికించాలని అనిపిస్తుంది, వద్దు. ఆ వేడికి గమ్ మెత్తబడి ఊడిపోతుంది, వాసన నీళ్లకు పడుతుంది. ఆనించి వదిలేస్తే చాలు.

స్కిమ్మర్ (నీటి మీద తేలే చెత్తను లాగే భాగం) నోటి దగ్గర 15 సెం.మీ. అర్ధచంద్రంగా కోసెయ్యాలి. లేకపోతే పంపు ఆన్ కాగానే షీటు అంచు నోటికి అతుక్కుపోతుంది, నీరందక హీటర్ ఆగి తెర మీద ఫ్లో ఎర్రర్ చూపిస్తుంది. ఇది తెలియక మోటారు మెకానిక్‌ను పిలిపించుకున్న ఇళ్లున్నాయి. నీళ్లు చిమ్మే జెట్లు వేసే ముందు షీటు తీసేయాలి.

ఇక పై పట్ట. నీలం ప్లాస్టిక్ పట్ట పెట్టకండి. మన ఎండకు దారాలు దారాలుగా విడిపోయి నీళ్లలో పడుతుంది. లారీలకు వేసే 600 జీఎస్ఎం (చదరపు మీటరుకు 600 గ్రాముల) పీవీసీ పట్టే కావాలి. 2.6 మీటర్ల చతురస్రం, లేత రంగు, చుట్టూ అడుగుకొక రింగు. బరువు 4 కిలోలు. తాడిపత్రి లాంటి లారీలున్న ఊళ్లలో కుట్టేవాళ్లు పని తెలిసినవాళ్లు, అంచును మడిచి రెండు కుట్లు వేయమంటే చాలు.

పట్ట చదునుగా ఉంటే వాన నీరు మధ్యలో గుంట కడుతుంది. దానికి లారీ ట్యూబు షీటు నడుమ పెట్టి దాని మీద పట్ట కప్పాలి. నీరు టబ్ అంచుకు 10, 15 సెం.మీ. కింద ఉంటుంది కాబట్టి కారు ట్యూబు ఎత్తు సరిపోదు. గాలి ముప్పాతిక వంతు కొట్టండి, మధ్యాహ్నపు ఎండకు ఉబ్బుతుంది. గాలి కొట్టే పిన్ను కిందికి తిరిగితే షీటును గుచ్చుతుంది, పైకి తిరిగితే పట్టను పొడుస్తుంది. ట్యూబు లోపలి వైపుకు వంచి గుడ్డ చుట్టేయండి.

తేలిక మూతకు గాలే శత్రువు. గంటకు 40 కిలోమీటర్ల గాలి చదరపు మీటరుకు ఏడున్నర కిలోల దాకా ఒత్తిడి పెట్టగలదు. 4 కిలోల పట్టకు అదెంత? రింగుల్లోంచి ఎలాస్టిక్ తాడు లాగి నేలలో దిగ్గొట్టిన కొక్కేలకు కట్టాలి, టబ్ పక్క పలకల స్క్రూలకు కాదు. పైన రెండు లగేజీ బెల్టులు అడ్డంగా నిలువుగా బిగించాలి. చలికాలం గాలి కొంత నయం. జూన్ దాటితే, రామగిరి గాలిమరలు తిప్పే గాలి ఎలాంటిదో మనకు తెలిసిందే.

పఫ్ ప్యానెల్ (రెండు రేకుల నడుమ గట్టి నురుగు నింపిన పలక) మాట చాలామంది ఎత్తుతారు. అర మిల్లీమీటరు రేకు రెండు వైపులా ఉన్న 40 మి.మీ. ప్యానెల్ చదరపు మీటరుకు 9 కిలోల పైనే. టబ్ అంచు దాకా కప్పాలంటే మొత్తం 43 కిలోలు దాటుతుంది, పైగా కోసిన అంచులు క్లోరిన్ ఆవిరికి తుప్పు పడతాయి. గాలి నింపే సంచుల మూతలు మంచివే గానీ కొలతకు చేయించి బయటినుంచి తెప్పించుకోవాలి, తుమ్మ ముల్లు దిగితే అతుకు వేసేవాళ్లు ఇక్కడ లేరు. మూత లేపే ఇనుప చట్రం భుజాలకు సుఖమే, కానీ తడిసిన దిమ్మ మోసీ మోసీ దాని కీళ్లు వంగిపోతాయి.

ఇంట్లో పిల్లలుంటే మాత్రం ఇదంతా పక్కన పెట్టండి. తేలే షీటు మీద పిల్లాడు కాలు పెడితే షీటుతో సహా లోపలికి పోతాడు, పైకి రావడానికి అదే అడ్డం. పట్ట కూడా కాపాడదు. భద్రత మూతలకు ఏఎస్‌టీఎం ఎఫ్1346 అనే అమెరికా ప్రమాణం ఉంది, బరువు పెట్టి పరీక్షిస్తారు. ఇవేవీ దాని కిందికి రావు. తాళం పడే గేటుతో చుట్టూ కంచె ఉంటేనే తేలిక మూత వాడాలి.

క్లోరిన్ మోతాదు పెంచి వేసిన రోజు గంటసేపు మూత తీసి ఉంచాలి. మన దగ్గర బ్లీచింగ్ పౌడర్ నేరుగా చల్లే అలవాటుంది. కరగని నలుసులు షీటు అడుగున అంటుకుని చిల్లులు పెడతాయి, ముందే గట్టిగా ఉన్న బోరు నీళ్లకు ఇంకా సున్నం చేరుస్తాయి. బకెట్‌లో కలిపి, తేరిన నీళ్లే పోయండి. మూత సరిగ్గా ఉంటే ఆవిరి తగ్గి, పోసే బోరు నీళ్లూ తగ్గుతాయి, హీటర్ కడ్డీకి పొర పట్టడం నెమ్మదిస్తుంది. షీటు అంచున తెల్లటి గీత కనిపిస్తే వెనిగర్ నీళ్లతో తుడిస్తే పోతుంది.

తీసిన షీటును నేల మీద వదలొద్దు, ఎలుకలు కొరుకుతాయి. గోడకు తగిలించండి. బొటనవేలితో నొక్కి చూడండి: గుంట వెంటనే పైకి లేవకుండా అలాగే ఉండిపోతే గదులు చచ్చినట్టు, ఆ ముక్క మార్చాలి.