కౌన్సెలింగ్ గదికి 4 స్టార్లు, బయటి బెంచీకి 1

తిరుపతిలో ఒక సర్కారు ఆసుపత్రిలో ఉన్న పిల్లల కౌన్సెలింగ్ గది గురించి రాస్తున్నాను. ఏ ఆసుపత్రో చెప్పను. అక్కడ పనిచేసేవాళ్ళు మంచివాళ్ళు, నా మాటతో వాళ్ళకి మెమోలు రాకూడదు.

నేను ఆర్టీసీలో 31 ఏళ్ళు కండక్టరుగా చేసి రిటైరయ్యాను. మనవడికి తొమ్మిదేళ్ళు, కూతురి కొడుకు. పోయిన వేసవి నుంచి తల్లీ కొడుకూ మా దగ్గరే ఉంటున్నారు. వాళ్ళ నాయన తాగొచ్చి చేసినవన్నీ ఇక్కడ రాయలేను. మనవడు మాత్రం అన్నీ కళ్ళారా చూశాడు.

సాయంత్రం దీపాలు పెట్టే వేళకి వాడికి కడుపునొప్పి మొదలయ్యేది. వీధిలో ఏ బైకు ఆగినా మంచం కిందికి దూరేవాడు. రాత్రి పక్క తడిపేవాడు. మేం కడుపులోనే ఏదో జబ్బుందనుకున్నాం. ప్రైవేటులో స్కానింగు, రక్త పరీక్షలు, సిరప్పులు కలిపి 6,400 అయింది, అన్నీ నార్మల్. మా ఆవిడ దిష్టి తీసి తాయెత్తు కట్టించింది. దానికి ఖర్చు తక్కువ, ఫలితం మాత్రం అంతే.

చివరికి బడిలో టీచరమ్మ 14416కి ఫోన్ చెయ్యమంది. టెలీ మానస్ అంటారు, మనసుకి సంబంధించిన బాధలకి ఫోన్లో సాయం చేసే నంబరు, 2022 అక్టోబరులో కేంద్రం మొదలుపెట్టింది. పైసా ఖర్చు లేదు, తెలుగులోనే మాట్లాడారు. "నొప్పి ఏ టైముకి వస్తుంది సార్? ఆ టైములో వెనకటికి ఇంట్లో ఏం జరిగేది?" అని అడిగింది ఆ అమ్మాయి. అంతమంది డాక్టర్లకి చూపించాం, ఈ రెండో ప్రశ్న ఎవరూ అడగలేదు. నాకు గొంతు పట్టేసింది. ఆమే మమ్మల్ని ఈ ఆసుపత్రికి పొమ్మంది.

ముందు బెంచీ సంగతి చెప్తాను. పిల్లల గదికీ, తాగుడు మాన్పించే ఓపీకీ వరండా ఒకటే, బెంచీ ఒకటే. తాగినోణ్ణి చూస్తే వణికే పిల్లోణ్ణి తీసుకెళ్ళి అలాంటి నలుగురి మధ్య గంటన్నర కూర్చోబెట్టాను. ఒకాయన వాడి తల నిమరబోతే నా తొడలోకి గోళ్ళు దిగేలా పట్టుకున్నాడు. పాపం, ఆయన తప్పేముంది, ఆయనా వైద్యానికే వచ్చాడు. రెండు ఓపీలూ వేరే రోజుల్లో పెట్టాలని ఎవరికీ తోచకపోవడమే నాకు అర్థం కాలేదు.

గదిలో మాత్రం వేరే లోకం. సైకాలజిస్టు చాప మీద కూర్చుంది. తండ్రి మాటే ఎత్తలేదు. నేను కండక్టరునని తెలిసి, "చిత్తూరు బస్సు ఎక్కడెక్కడ ఆగుతుందో మీ తాత నీకు చెప్పాడా?" అంది. వాడికి ఆ స్టాపులన్నీ నోటికొచ్చు. ఒక్కో స్టాపుకీ ఒక ఊపిరి లోపలికి, ఒకటి బయటికి. భయమేసినప్పుడల్లా వాడిప్పుడు మనసులో బస్సు నడుపుతాడు. చంద్రగిరి, గాదంకి, పూతలపట్టు. చిత్తూరు దాకా ఎప్పుడోగానీ పోడు, ముందే నిద్రపోతాడు.

మా కూతుర్నీ నన్నూ విడిగా కూర్చోబెట్టి ఒక సంగతి చెప్పింది. అమెరికాలో 1998లో ఒక అధ్యయనం బయటికొచ్చిందట. చిన్నప్పుడు దెబ్బలు, ఇంట్లో తాగుడు, తల్లిని కొట్టడం లాంటివి ఎన్ని రకాలు ఎక్కువ చూస్తే, పెద్దయ్యాక గుండెజబ్బులు, డిప్రెషన్, తాగుడు అలవాటు అంత ఎక్కువగా కనిపించాయట. అది వేలమంది లెక్క, మీవాడి జాతకం కాదు, ఇంట్లో నమ్మకమైన పెద్దవాళ్ళు ఒక్కరున్నా చాలా తేడా ఉంటుంది అంది. నాకు 52 ఏళ్ళకే స్టెంటు వేశారు. మా నాయన బెల్టు గుర్తొచ్చింది. ఆ మాట ఆమెతో అనలేదు.

రెండో కష్టం నాలుగోసారి వెళ్ళినప్పుడు వచ్చింది. ఆమె కాంట్రాక్టు అయిపోయిందట, కొత్తాయన కూర్చున్నాడు. ఫైలు తెరవకుండానే "చెప్పు నాన్నా, ఇంట్లో ఏం జరిగింది?" అన్నాడు. ఆ రాత్రి పక్క మళ్ళీ తడిసింది. లైంగిక వేధింపుల కేసుల్లో బిడ్డని సాక్ష్యానికి పదేపదే పిలవకూడదని 2012 పోక్సో చట్టంలోనే ఉంది. కోర్టుకి పెట్టిన ఆ నియమం ఆసుపత్రి గదికి మాత్రం ఎందుకు వద్దు? పాత ఫైలు చదవడానికి పది నిమిషాలు చాలు.

ఆ మాటే ఆయనకి చెప్పాను. నొచ్చుకోలేదు, మేం ఎదురుగా ఉండగానే ఫైలంతా చదివాడు. అందుకే ఒక స్టారు కోసి ఊరుకున్నాను.

వెళ్ళాలనుకునేవాళ్ళకి: ఓపీ చీటీకి ఆధార్ జిరాక్సు తీసుకెళ్ళండి. పిల్లల ముందు సంగతి చెప్పకుండా కాగితం మీద రాసి ఇవ్వండి, తీసుకుంటారు. పన్నెండు దాటాక పోతే ఆ బెంచీ ఖాళీగా ఉంటుంది. మాకు వచ్చే గురువారం మళ్ళీ ఉంది, పన్నెండున్నరకి బయల్దేరతాం.